కాలవని ఎవరూ అడగలేదు

అనగనగనగా, కాలవగట్టు మీద ఒక ఊరుండేది బంగారం. ఆ ఊళ్ళో వరహాలనే పిల్ల ఉండేది, నీ ఈడుదే. వాళ్ళ నాన్న సూరన్న ఆ కాలవలో బాతుల మంద మేపేవాడు.

వరహాలుకి ఏది చూసినా సందేహమే. ఆ ఊరివాళ్ళకేమో చేతిలో ఫోనుంటే చాలు. ఏదడిగినా "ఫోన్ని అడుగు, పో" అనేవాళ్ళు.

ఒకరోజు పొద్దున్నే ఒక బాతు మెడ వాల్చేసింది. "ఎందుకు నాన్నా?" అంది వరహాలు. సూరన్న ఫోన్ని అడిగాడు. "వడదెబ్బంట" అని మందని నీడకి తోలాడు.

ఆ తర్వాత ఇంకొన్ని చచ్చాయి. అప్పుడు బళ్ళో మాస్టార్ని అడిగింది. ఆయనా ఫోనే తీశాడు. "వడదెబ్బే. జవాబు వచ్చాక మళ్ళీ ప్రశ్నేంటి? కూర్చో" అని కసిరాడు. పిల్లలకి అడగడం నేర్పాల్సినవాడు, చూడు మరి.

ఆ తర్వాత సగం మంద పోయింది. అప్పుడు ప్రెసిడెంటు వీరభద్రయ్య దగ్గరికెళ్ళింది. ఆయన గట్టు మీద నిలబడి, చచ్చిన బాతులతో ఫొటో దిగి, అయ్యో పాపమని ఊరందరికీ పంపాడు. ఊరంతా దండాలు పెట్టే బొమ్మలు తిరిగి పంపింది. ఒక్కరంటే ఒక్కరు వంగి నీళ్ళకేసి చూడలేదమ్మా.

వరహాలుకి ఒళ్ళు మండిపోయింది. "ఆ ఫోను మన కాలవని ఎప్పుడైనా చూసిందా?" అనుకుంది. ఇంటి దగ్గర పెరట్లో ఉంచిన నాలుగు బాతులు బాగానే ఉన్నాయి. వాటికీ అదే ఎండ. కానీ అవి తాగేది బావినీళ్ళు.

అప్పుడు కాలవ వెంట ఎగువకి నడిచింది. రొయ్యల చెరువు దగ్గర నీళ్ళు నురగలు కక్కుతున్నాయి. ముక్కు మండే వాసన. తుంగ పక్కకి తప్పించి చూస్తే, చెరువులోంచి కాలవలోకి ఒక గొట్టం. ఆ చెరువు ఎవరిదనుకున్నావ్? ఆ ప్రెసిడెంటుదే.

వరహాలు నాన్న చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. సూరన్న వంగి గొట్టం చూశాడు. ఆ తర్వాత వెళ్ళి ఊరిని పిలుచుకొచ్చాడు. ఆడవాళ్ళు బంకమట్టి తెచ్చి గొట్టంలో కుక్కారు.

"చెరువులో చల్లే మందు చుక్క కలిస్తే ఏమైపోతుంది?" అని నసిగాడు ప్రెసిడెంటు.

"అయితే మీ ఇంటి బిందెలు పంపండి, ఇక్కడే నింపిస్తాం" అంది వరహాలు వాళ్ళమ్మ.

ఆయన మెల్లగా జారుకున్నాడు.

పోయిన బాతులు తిరిగి రాలేదు. కసిరిన మాస్టారు ఆ పిల్లతో ఒక్క మంచి మాటా అనలేదు. తప్పైందని చెప్పడానికి పెద్దవాళ్ళకి నోరు పెగలదు మరి.

సూరన్న మాత్రం గట్టు మీద కూతురి పక్కన కూలబడ్డాడు. నీళ్ళకేసి చూస్తూ అడిగాడు, "మరి చేపలకేమై ఉంటుందంటావే?"

"తెలీదు నాన్నా. పద, చూద్దాం."

ఇద్దరూ లేచి గట్టెంట నడిచారు.

కథ కంచి బాట పట్టింది,
కునుకు మన గడప తట్టింది.