బహదూర్ మెడలో గంట

అనగనగా హిమాలయాల్లో, మబ్బుల కంటే పైన, ఒక చిన్న ఊరు ఉండేది. చలికాలమంతా ఆ ఊరు మంచు కింద ముడుచుకుని పడుకునేది. మంచు కరగగానే అక్కడ వెన్నదీపం పండుగ జరిగేది. పండుగంటే మీలాగా బూరెలు తినేసి నిద్రపోవడం కాదర్రా! కింది లోయ నుంచి కొత్త వెన్న రావాలి. ఆ వెన్నతో పెద్ద దీపం పెట్టాలి. పొద్దు గుంకేలోగా దీపం వెలిగితేనే ఎగువ పచ్చిక బయలుకు కట్టిన తడిక తీసి, పశువులను మేతకు వదులుతారు. వెలగకపోతే మళ్లీ పున్నమి దాకా తడిక తీయరు. అది వాళ్ల కట్టుబాటు.

ఆ ఏడు వెన్న మోసే పని పేమా అనే ముసలి జడల బర్రెకు వచ్చింది. దాని మనవరాలు, ఇంకా పాలు మరవని దూడ, పై ఊళ్లోనే ఉంది. ఊళ్లో గడ్డివాములు అయిపోయాయనీ, తల్లికి పాలు ఇంకిపోయి దూడ ఎముకలు బయటపడ్డాయనీ పైనుంచి దిగిన కాకి చెప్పింది. అది విన్నప్పటి నుంచి పేమాకు మేత సహించడం లేదు.

పేమాకు తోడుగా జాంగ్మో అనే మేక బయలుదేరింది. దాని వీపుకు అటూ ఇటూ చిన్న ఉప్పు సంచులు కట్టారు. ఆ కొండల్లో మేకలు కూడా బరువు మోస్తాయి. మీరేమో పుస్తకాల సంచికే అమ్మా అబ్బా అంటారు.

అందరికంటే ముందు నడిచేది బహదూర్. అది కంచర గాడిద. వీపు మీద పండుగ డోళ్లు, మెడలో తళతళలాడే ఇత్తడి గంట. ఆ దారికి అది కొత్త.

"నాయనా బహదూర్, ఆ గంట సింగారానికి కట్టింది కాదు" అంది పేమా. "వంతెన దగ్గర మోగించాలి. మంచువాలు దగ్గర మోతకు మంచు జారి పడుతుంది, అక్కడ గడ్డి కుక్కి ఆపాలి. కనుమ మీద పొగమంచు దిగితే మళ్లీ మోగించాలి. నాకు చూపు ఆనదు. పొగమంచులో గంట వినబడందే నేను అడుగు వేయను."

"ఓస్, ఇంతేనా అవ్వా!" అంది బహదూర్. దాని ధ్యాసంతా గంట మోత మీదే ఉంది.

మొదట వంతెన వచ్చింది. ఒక్కరు పట్టేంత సన్నటి చెక్క వంతెన. కింద ఏరు హోరుమంటోంది. బహదూర్ మెడ ఊపింది. ధణ్! ధణ్! అవతల నుంచి దిగుతున్న గొర్రెల మంద ఆ మోత విని ఆగిపోయింది.

"భలే గంట! నువ్వు మోగించకపోతే నడిమధ్యలో గుద్దుకునేవాళ్లం" అంది మందలో ముందున్న పొట్టేలు.

ఇంకేముంది! బహదూర్ ఉబ్బిపోయింది. అక్కడి నుంచి అవసరం ఉన్నా లేకున్నా మెడ ఊపుతూనే నడిచింది.

తర్వాత మంచువాలు వచ్చింది. పైన కొండంతా మంచు, ఎప్పుడు జారుదామా అన్నట్టు వేలాడుతోంది. జాంగ్మో దారి పక్కన ఎండుగడ్డి పీకి తెచ్చింది.

"అన్నా, మెడ వంచు. గంటలో గడ్డి కుక్కుతాను."

"పోవే! పై ఊరివాళ్లకు నేను వస్తున్నట్టు ఎలా తెలుస్తుంది?" అంది బహదూర్.

"నాయనా, వద్దు" అని వెనక నుంచి పేమా హెచ్చరించింది.

వింటేనా! బహదూర్ ధణధణమంటూ వాలు దాటేసింది. దాని వెనకే జాంగ్మో అడుగు పెట్టింది. అంతే, పైన ఏదో ఫెళ్లుమంది. మంచు దబ్బున జారి పడింది. తెల్లటి పొగ సద్దుమణిగాక చూస్తే దారి లేదు, జాంగ్మో లేదు.

"జాంగ్మో!" అని పేమా మంచులోకి దూకింది. కొమ్ములతో తవ్వింది. బహదూర్ వెనక్కి పరుగెత్తుకొచ్చి గిట్టలతో తవ్వింది. తవ్వగా తవ్వగా ఒక ఉప్పు సంచి కనబడింది. దాని పక్కనే ఒక చెవి. ఆ చెవి కదిలింది. హమ్మయ్య! ఇద్దరూ కలిసి మేకను పైకి లాగారు. ప్రాణం దక్కింది గానీ, చలికి జాంగ్మో గొంతు పూర్తిగా మూసుకుపోయింది. మే అందామంటే గాలి తప్ప ఏమీ రాలేదు.

బహదూర్ బావురుమంది. "నా గంట వల్లే ఇదంతా! ఇక జన్మలో మోగించను. అందులో గడ్డి కుక్కేయి అవ్వా, గట్టిగా కుక్కేయి!"

పేమా గడ్డి కుక్కి, "పదండి, పొద్దు వాలిపోతోంది" అంది.

జారిన మంచును తొక్కి దారి చేసుకుని, కనుమ ఎక్కేసరికి పేమాకు ఆయాసం వచ్చి వెనకబడింది. అప్పుడే పొగమంచు దిగింది. ముందు పేమా కొమ్ములు కనబడకుండా పోయాయి, ఆ తర్వాత దారే కనబడకుండా పోయింది.

జాంగ్మో బహదూర్ చెవి దగ్గరికి వచ్చి గుసగుసలాడింది. "గంట మోగించు."

"అమ్మో, నేను మోగించను. మళ్లీ మంచు పడుతుంది."

"ఇక్కడ మంచు ఎక్కడుంది? అంతా ఉత్త రాయే కదా!"

"అయినా భయంగా ఉంది. నోరెత్తాలన్నా భయమే."

"అవ్వ అక్కడే నిలబడిపోతుంది అన్నా. గంట వినబడందే అడుగు వేయనని చెప్పిందిగా. పొద్దు గుంకితే దీపం లేదు, తడిక తీయరు, ఆ దూడ బతకదు. ఇందాక నువ్వు గంట మోగించి నన్ను ముంచావు. ఇప్పుడు మోగించకుండా అవ్వను ముంచుతావా?"

తప్పు చేసినవాడికి ఊరుకోవడమే మంచితనంలా అనిపిస్తుంది, పాపం. కానీ దూడ మాట వినేసరికి బహదూర్ మనసు ఆగలేదు. మెల్లగా మెడ వంచింది.

జాంగ్మో గంటలోని గడ్డిని పళ్లతో లాగింది. లాగింది లాగినట్టే నమిలి మింగేసింది కూడా. నవ్వకండర్రా, పొద్దుటి నుంచి దానికి తిండి లేదు!

ధణ్! బహదూర్ కళ్లు గట్టిగా మూసుకుంది. ఏమీ కూలలేదు. ధణ్! ఏ జవాబూ లేదు. ఈసారి ఉన్న బలమంతా మెడలోకి తెచ్చుకుని ఊపింది. ధణ్!

"వస్తున్నా నాయనా, ఆపకు!"

పొగమంచులోంచి ముందు ఆ గొంతు వచ్చింది. తర్వాత కొమ్ములు వచ్చాయి. ఆ తర్వాత, ఒక్క ముద్దా చెదరని వెన్న మూటతో పేమా వచ్చింది. బహదూర్ గుండె మీద బరువు దిగిపోయింది. అది ఏడ్చింది, నవ్వింది, మెడ ఊపడం మాత్రం ఆపలేదు.

వాళ్లు ఊరు చేరేసరికి ఎత్తైన శిఖరం మీద ఇంకా కాస్త ఎండ మిగిలి ఉంది. ఊరంతా ఎదురొచ్చి వెన్న దించుకుంది. డోళ్లు మోగాయి. దీపం వెలిగింది. తడిక తీశారు. బక్కచిక్కిన పశువులన్నీ పచ్చిక మీదికి పరుగు తీశాయి. పేమా మనవరాలు నాలుగు పరకలు కొరికి, అవ్వ పొట్ట కిందికి దూరి నిలబడింది. పేమా ఆ రోజు కడుపునిండా మేసింది.

"ఆలస్యం చేశావు గానీ, మోగించావు. అది చాలు నాయనా" అంది బహదూర్‌తో.

పండుగ ముగిశాక ముగ్గురూ కిందికి బయలుదేరారు. మంచువాలు దగ్గరికి రాగానే, ఎవరూ చెప్పకముందే బహదూర్ ఆగింది. జాంగ్మో ముందు మెడ వంచింది.

"గడ్డి కుక్కు. కానీ దాటేదాకా దీన్ని తినకే తల్లీ!" అంది.

నీతి: ఒకచోట తప్పు చేశామని చేయాల్సిన పనే మానేస్తే అది ఇంకో తప్పవుతుంది; ఎక్కడ చేయాలో, ఎక్కడ ఆగాలో నేర్చుకోవడమే అసలైన దిద్దుబాటు.