అందరికీ ఒకే కషాయం

ఇప్పలకోన అడవిలో దుప్పులు, కుందేళ్లు, ముళ్లపందులు, అడవిపందులు కలిసి బతికేవి. వాటన్నిటికీ భల్లయ్య అనే ఎలుగుబంటి వైద్యుడు. ఎవరికి ఏ గడ్డ లేచినా అతడు ఇచ్చేది ఒకటే నల్లకషాయం. నయమైనవాళ్ల పేర్లు అడవంతా చాటేవాడు. చనిపోయినవాళ్ల పేర్లు ఏనాడూ ఎత్తేవాడు కాదు.

ఒక వేసవిలో చుక్కమ్మ అనే దుప్పికి మెడ మీద గడ్డ లేచింది. చూసినవాళ్లంతా రాచపుండు అన్నారు. పాలు మరవని పిల్ల ఉన్న తల్లి అది. భయపడుతూ భల్లయ్య దగ్గరికి వెళ్లింది. అతడు గడ్డను సరిగా చూడనైనా చూడకుండా దొప్పలో కషాయం పోశాడు.

"తాగు. అడవిలో సగంమంది దీంతోనే బతికారు."

"మిగతా సగం ఏమయ్యారు మామా?"

"వాళ్ల ఆయుష్షు తీరింది. నా మందుకేం లోపం లేదు!" అని కసిరాడు భల్లయ్య.

చుక్కమ్మకు ఒళ్లు మండింది. దొప్ప అక్కడే వదిలేసి కెంపి అనే వడ్రంగిపిట్ట దగ్గరికి వెళ్లింది. చెట్టును కొట్టి, చప్పుడును బట్టి లోపలి పురుగును కనిపెట్టే పిట్ట అది. గడ్డ మీద మెల్లగా తట్టి చెవి పెట్టింది.

"పైకి గడ్డలన్నీ ఒకటే అక్కా. లోపలి చప్పుడు వేరు."

ఎవరి గడ్డ ఎలా పలికింది, ఏ మందు వాడారు, ఏమైంది, అన్నీ వాళ్లనే అడిగి తెలుసుకుని కెంపి ఒక ఎండుమాను మీద గుర్తులు పెట్టేది. ఆ గుర్తులు వెతికింది.

"ఇదే చప్పుడు ఇద్దరికి వచ్చింది. ఒక అడవిపంది వాగు ఒడ్డున దొరికే వేరు నమిలి బతికాడు. రెండోది..." అని ఆగిపోయింది.

పక్కనే ఉన్న సూదయ్య అనే ముళ్లపంది అందుకున్నాడు. "చెప్పు కెంపీ. రెండోది నా భార్య. నల్లకషాయం తాగింది, నెల తిరక్కుండా పోయింది. ఇంకో తల్లి అలా పోకూడదనే కదా నేను నీకు చెప్పింది!"

ఈ సంగతి తెలిసి భల్లయ్య పరుగున వచ్చాడు. "పురుగులు ఏరుకు తినేదానికి వైద్యమా? మాను మీద బొక్కలు పొడిస్తే రోగం కుదురుతుందా?"

చుక్కమ్మ వాగు ఒడ్డుకు వెళ్లింది. వేరు నమిలింది. వాంతులయ్యాయి, చిక్కి సగమైంది. మూడు నెలలకు గడ్డ కరిగి కుంకుడుగింజంత అయింది. పిల్లతో మళ్లీ మేతకు వచ్చింది.

అప్పుడు అడవి అంతా భల్లయ్యను నిలదీసింది. "నీ కషాయం తాగి ఎంతమంది పోయారు?"

"గుర్తు లేదు."

"మాకు గుర్తుంది!" అని జంతువులన్నీ ఒక్క గొంతుతో అరిచాయి. కషాయం కుండ పగలగొట్టాయి. పోయినవాళ్ల ఇల్లిల్లూ తిరిగి, వాళ్ల రోగం సంగతి అడిగి వచ్చి కెంపికి చెప్పాలని భల్లయ్యకు శిక్ష వేశాయి.

అతడు మొదట సూదయ్య బొరియకు వెళ్లి తల దించుకున్నాడు.

"నీ భార్య పేరేమిటి?"

"ఆమె దాదాపు నెల నీ చేతి మందే తాగింది. అప్పుడు అడగని పేరు ఇప్పుడు అడుగుతున్నావా!" అన్నాడు సూదయ్య.

నీతి: రోగిని చూడకుండా అందరికీ ఒకే మందు పోసేవాడు వైద్యుడు కాడు. పోయినవాళ్ల సంగతి దాచేవాడు ఉన్నవాళ్లనూ చంపుతాడు.