నూకాలు నేర్చిన కీర్తన

కుందవరం రాజుగారి కొలువులో ఆ రోజు నేరం మోపబడింది బుట్టలల్లుకునే నూకాలు మీద. మోపినవాడు ఆస్థాన గాయకుడు చిదంబర భాగవతులు.

"ప్రభూ, ఈమె కోటగోడ అవతల నిలబడి నా కొత్త కీర్తన విని, ఇంట్లో పాడుకుంటోంది. ఇది దొంగతనం!"

రాజుగారు నూకాలు వైపు తిరిగారు. "ఇక పాడనని ఒట్టేస్తావా, ఊరు వదిలిపోతావా?"

"రెండూ చెయ్యను మారాజా. పాట నాదని ఎక్కడా చెప్పుకోలేదు. అయ్యవారి పేరు తలుచుకుని నా గుడిసెలో నేను పాడుకున్నాను. అయినా అది ఆ కీర్తనేనని సాక్ష్యం చెప్పేదెవరు?"

"నేనే విన్నాను!" అన్నాడు కోట భటుడు.

"ఏం విన్నావో పాడు బాబూ."

భటుడు గొంతు సవరించుకుని పల్లవి నుంచి చివరి చరణం దాకా పాడేశాడు. సభంతా నవ్వింది.

"పాట రానివాడు సాక్ష్యం చెప్పలేడు మారాజా. వస్తే వీడూ దొంగే. తీర్పు చెప్పాలంటే తమకూ పాట వచ్చి ఉండాలి."

సింహాసనం మీద తాళం వేస్తున్న రాజుగారి వేళ్లు టక్కున ఆగిపోయాయి.

భాగవతులు మాత్రం భటుడి మీద మండిపడ్డాడు. "చరణాన్ని ఖూనీ చేశావు కదరా! అది ఇలా పాడాలి!" అంటూ తానే మూడుసార్లు పాడి చూపించాడు.

రాజుగారు నవ్వు ఆపుకోలేక, "నువ్వు వెళ్లిరా నూకాలూ" అన్నారు.

నూకాలు కదల్లేదు. భాగవతులకి చేతులు జోడించింది.

"చల్లగా ఉండండి అయ్యా. గోడ అవతలికి ఆ చరణమే సరిగా వినపడేది కాదు. ఇంకొక్కసారి పాడితే వెళ్లిపోతాను."