పాత్రకి మూత

వానాకాలం దగ్గరపడేకొద్దీ సుదత్తుడికి అన్నం సయించడం మానేసింది.

కృష్ణ ఒడ్డున రేవత భిక్షువు నడిపే చిన్న విహారంలో అతను చదవవలసిందంతా చదివేశాడు. ఇక పెద్ద విహారాల్లో ఏదో ఒకదానికి వెళ్ళాలి. అక్కడ చేరడానికి రెండు దారులున్నాయి. వానలకి ముందే వెళ్ళి, "తీసుకుంటే మీ దగ్గరే ఉంటాను, ఇంకో గడప తొక్కను" అని మాటిస్తే, అలాంటివాళ్ళని ముందుగా చూస్తారు. ఆ మాట ఒక్క చోటే ఇవ్వాలి. వాళ్ళు వద్దంటేనే అది తీరిపోతుంది. మాటా గీటా వద్దనుకున్నవాళ్ళు వానలు వెలిశాక ఎన్ని చోట్లయినా అడగవచ్చు, పిలిచినవాళ్ళలో నచ్చినవాళ్ళ దగ్గర చేరవచ్చు. కాకపోతే అప్పటికి ప్రతి గుమ్మం ముందూ తిరునాళ్ళే.

సుదత్తుడి మనసంతా కొండమీది విహారం మీదే ఉంది. అక్కడ వైద్యం నేర్పుతారు. ఒకసారి గురువుగారి కబురు మోసుకుని వెళ్ళినప్పుడు, జ్వరంతో మూలుగుతున్న పసివాణ్ణి ఒళ్ళో పెట్టుకుని కషాయం తాగిస్తున్న భిక్షువుని చూశాడు. అప్పటినుంచి ఎక్కడ కషాయం వాసన తగిలినా అతని మనసు ఆ కొండెక్కి కూర్చునేది.

కానీ కొండవాళ్ళు ఎంతోమందిని చూసి ఏ ఒక్కణ్ణో తీసుకుంటారు. ఏటి మలుపులో ఉన్న విహారమైతే ముందొచ్చినవాణ్ణి కాదనదు. అక్కడ తాటాకుల మీద గ్రంథాలు రాయడం నేర్పుతారు. సుదత్తుడికి రాత అంటే ఇష్టమూ లేదు, కష్టమూ లేదు.

"మలుపు విహారానికే మాటిచ్చేస్తాను స్వామీ," అన్నాడు ఒక ఉదయం. "ముందే ఒక చోటు ఖాయమైతే గుండెల మీద బరువు దిగిపోతుంది."

రేవతుడు భిక్షాపాత్రా, దాని మూతా తెచ్చి అతని చేతిలో పెట్టాడు.

"ఇవాళ మన ఇద్దరికీ ఈ ఒక్క పాత్రే. మూత ఏ ఇంటి దగ్గర పెడతావో నీ ఇష్టం. పెట్టాక మాత్రం తిరిగొచ్చేదాకా తీయకు."

ఇద్దరూ భిక్షకి బయల్దేరారు. పాత్ర నిండినా సరే, వీధిలో వరస తప్పకుండా ప్రతి ఇంటి ముందూ ఆగడం వాళ్ళ నియమం. మొదటి ఇంట్లో జొన్నగంజి పోశారు. ముందురోజు చాలా తలుపులు తెరుచుకోలేదన్న సంగతి గుర్తొచ్చి సుదత్తుడు చటుక్కున మూత పెట్టేశాడు. హమ్మయ్య అనుకున్నాడు కూడా.

వీధి చివరింటి అవ్వ గుమ్మంలోనే నిలబడి ఉంది. చేతిలో ఉసిరికాయ పులుసు కలిపిన వేడి అన్నం. చిన్నప్పుడు వాళ్ళమ్మ కలిపి పెట్టేది అచ్చం ఇదే.

"నీకోసమే కలిపాను నాయనా, పట్టు."

"పాత్రకి మూత పడిందమ్మా."

అవ్వ మూతవైపు చూసింది. "అయ్యో, ముందు ఇటు రాకపోయావా," అని గిన్నె పట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

సుదత్తుడు అక్కడే నిలబడిపోయాడు. అన్నం కోసమైతే అంత బాధ ఎందుకు? కొండ మెట్లు కళ్ళముందు కదిలాయి. ఏడుపొచ్చినంత పనైంది.

గురుశిష్యులు విహారానికి వచ్చి గంజి పంచుకుని తాగారు. గంజి బాగానే ఉంది. పాపం, దాని తప్పేమీ లేదు.

మర్నాడు సుదత్తుడు పాత్ర పట్టుకుని గురువు ముందు నిలబడ్డాడు.

"స్వామీ, ఇవాళ వీధి ఆ చివరినుంచి మొదలుపెడితే వరస తప్పినట్టా?"

"ఏ చివర మొదలుపెట్టినా వరసే."

"అవ్వ పెడితే అక్కడే మూత వేసేస్తాను."

"ఆ తలుపు తెరుచుకోకపోతే?"

సుదత్తుడు మూత పైకెత్తి చూపించాడు. "మూత నా చేతిలోనే ఉంటుంది. మిగతా వీధి ఎక్కడికీ పోదు కదా స్వామీ."

రేవతుడు అతని చేతిలోంచి పాత్ర తీసుకున్నాడు. మూత మాత్రం అతనికే వదిలేశాడు.

"వీధికి నేను వెళతాలే," అన్నాడు. "నువ్వు కొండకి నడువు. వానలింకా పడలేదు."