సన్నముక్కు వంకర అల్లిక

అనగా అనగా ఒక కాలువ గట్టు. ఆ గట్టు మీద ఈతచెట్టు, చెట్టు నిండా వేలాడే గిజిగాళ్ల గూళ్లు. ఆ గూళ్లలోనే పుట్టి పెరిగాడు సన్నముక్కు అనే కుర్ర గిజిగాడు.

వాడికి అల్లడమంటే ప్రాణం. మొదటిసారి గడ్డిపోచలు అల్లి తండ్రికి చూపించాడు. "ఊఁ, అక్కడ పెట్టు" అన్నాడు తండ్రి, తల తిప్పకుండానే. రెండోసారి తాతకు చూపించాడు. "వంకరగా ఉందిరా" అన్నాడు తాత. మూడోసారి తల్లికిచ్చాడు. తల్లి అటూ ఇటూ తిప్పి చూసింది, ఒక్క మాటా అనకుండా పట్టుకెళ్లిపోయింది. పారేసి ఉంటుందనుకున్నాడు. పాపం, వాడి మనసు చివుక్కుమంది.

కాలువ అవతల తుమ్మచెట్టు మీద ఒక కాకుల మూక ఉండేది. ఎదుటివాళ్ల నోటి దగ్గరి ముద్ద లాక్కోవడమే వాళ్ల పని. వాళ్ల నాయకుడు నల్లదొర, దిగాలుగా కూర్చున్న సన్నముక్కు పక్కన వచ్చి వాలాడు.

"తిన్నావా తమ్ముడూ? నీ పనితనం చూశాను. నీ అంతవాడు ఈ గట్టున లేడు" అన్నాడు.

ఆ ఒక్క మాటకే కుర్రవాడి కడుపు నిండిపోయింది. ఇంకేముంది, మర్నాటి నుంచి కాకులతోనే తిరుగుడు.

మొదటి రోజు దారిన పోయే పిట్టల మీద కేకలు వేయమన్నారు, వేశాడు. రెండో రోజు పిచ్చుక పిల్ల నోట్లో గింజ లాక్కోమన్నారు. మనసొప్పలేదు గానీ లాక్కున్నాడు. మూడో రోజు నల్లదొర ఈతచెట్టు కేసి చూపించాడు.

"ఆ చివరి గూడు గొట్టంలో మేం పట్టం. నువ్వు దూరి గుడ్లు కిందికి తోసెయ్. లేదంటే నువ్వు మావాడివే కాదు."

అది సన్నముక్కు తల్లి గూడు. తల్లి మేతకు వెళ్లింది. మావాడివి కాదన్న మాటకు భయపడి, వాడు కళ్లు మూసుకుని గొట్టంలో దూరాడు.

లోపల మూడు గుడ్లున్నాయి. అవి దొర్లిపోకుండా కింద మెత్తగా ఏదో పరిచి ఉంది. తేరిపార చూశాడు. అది తన వంకర అల్లికే! ఊడిన చోటల్లా తల్లి జాగ్రత్తగా ముడి వేసి పెట్టుకుంది.

"త్వరగా కానివ్వరా" అన్నాడు బయట నల్లదొర.

సన్నముక్కు గొట్టంలోంచి తల బయటపెట్టాడు. "నేను తొయ్యను. వెళ్లిపోండి" అని గొంతు చించుకుని అరిచాడు. ఆ కేకకు తండ్రీ తాతా, చెట్టు మీది గిజిగాళ్లంతా కలిసి మీద పడేసరికి నల్లదొర తోక ముడిచాడు.

తల్లి వచ్చేసరికి వాడు గుడ్ల పక్కన వెక్కుతూ కూర్చున్నాడు. దాచకుండా అంతా చెప్పేశాడు.

"నా అల్లిక బాగుందని ఒక్కసారి అనుంటే ఏం పోయేదమ్మా?"

"ఎదుట పొగిడితే నీకు దిష్టి తగులుతుందని భయపడ్డాను నాన్నా."

"కాకులు రోజూ పొగిడాయమ్మా" అన్నాడు వాడు.

తల్లి వాణ్ణి రెక్క కిందికి లాక్కుంది. చెట్టంతా వినేలా, "నా బిడ్డ చాలా బాగా అల్లాడు" అంది.

మర్నాడు సన్నముక్కు పిచ్చుక పిల్లకు ఒక గింజ తెచ్చి ఇచ్చాడు. తాత వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, వంకర పోకుండా ముడి వేయడం నేర్పాడు.

బిడ్డ వినాల్సిన మంచిమాట ఇంట్లోనే వినిపించాలి. అక్కడ దొరక్కపోతే, దాని కోసమే వాడు చెడ్డ మూకలో చేరతాడు.