ఎనిమిదో గడిలో ముళ్లపంది

అనగనగా ఒక అడవి. ఆ అడవికో ఉన్నత పాఠశాల, దానికో ఖో-ఖో జట్టు. ఆ జట్టులో తొమ్మిదో తరగతి చదివే సూరమ్మ అనే ముళ్లపంది ఉండేది. ఉండేది అంటే, కూర్చుని ఉండేది. ఏడాదంతా చివరిదైన ఎనిమిదో గడిలో కూర్చోవడమే దాని ఆట.

ఖో-ఖో మీకు తెలిసిందే కదా. తరిమేవాళ్ళు వెనక్కి తిరగకూడదు. అలిసిపోతే, కూర్చున్నవాళ్ళ వెనక నుంచి వచ్చి వీపు తట్టి "ఖో" అనాలి. అప్పుడు కూర్చున్నవాళ్ళు లేచి తరమాలి. సూరమ్మకు వీపు నిండా ముళ్ళే. వెనక అడుగు వినపడితే చాలు, అవి నిక్కబొడుచుకునేవి.

మొదటిసారి నక్క తట్టింది. అరచేతిలో మూడు ముళ్ళు దిగాయి. రెండోసారి కోతి తట్టి వారం రోజులు చెట్టెక్కలేకపోయింది. మూడోసారి తట్టడానికి ఎవరూ రాలేదు. సూరమ్మకు మోకాళ్ళు పీకేవి, మనసు విసిగిపోయేది. ఈ ఏడాది చివరి పోటీలోనూ ఖో రాకపోతే జట్టు మానేస్తానని వాళ్ళమ్మతో చెప్పేసింది.

ఆ మాట ఎలుగు మాస్టారి చెవిన పడింది. ఆయనా అలిసిపోయిన మనిషే, అదే, ఎలుగే. నెమ్మదిగా వచ్చి పక్కన కూలబడ్డాడు.

"ముళ్ళు ఉండటం నీ తప్పు కాదమ్మా. వెనక వచ్చేది పులా, మనవాళ్ళా అని చూడకుండా వాటిని లేపుతున్నావు చూడు, అదొక్కటి మార్చుకో."

"అవి వాటంతటవే లేస్తాయి మాస్టారూ. నేనేం చెయ్యను?"

"రోజూ సాయంత్రం నేను వెనక నుంచి వస్తాను. నువ్వు అణుచుకో."

మానెయ్యడం తేలిక. సూరమ్మ మాత్రం సాయంత్రాలు ఆగింది. మొదటిరోజు మాస్టారి వేలికి గుచ్చుకుంది. పదోరోజు ముళ్ళు సగమే లేచాయి. ఇరవయ్యోరోజు వణికాయి కానీ లేవలేదు. అణుచుకోవడం ఇంత కష్టమని దానికి అప్పుడే తెలిసింది. ఇంటికెళ్ళి అన్నం తినకుండానే నిద్రపోయేది.

చివరి పోటీ వచ్చింది. గుట్ట అవతలి బడి జట్టులో ఒక్క ముంగిస మిగిలింది. దాన్ని పట్టుకుంటే గెలుపు, లేకపోతే లేదు. తరుముతున్న కెప్టెన్ కుందేలు కోటమ్మకు ఊపిరి అందడం లేదు. ముంగిస సూరమ్మ ముందు నుంచే పోతోంది. ఖో ఇస్తే ఆ వీపుకే ఇవ్వాలి. కోటమ్మ చెయ్యి చాచి, భయపడి ఆగింది.

వెనక అడుగులు విన్న సూరమ్మకు ముళ్ళు జివ్వుమన్నాయి. పళ్ళు బిగబట్టి అణుచుకుంది.

"ఇవ్వక్కా. గుచ్చుకోవు."

కోటమ్మ కళ్ళు మూసుకుని తట్టింది. "ఖో!"

గుచ్చుకోలేదు. సూరమ్మ లేచి పరిగెత్తింది. ముళ్లపంది పరుగు ఎంతని, పిల్లలూ? అయినా ప్రాణం పెట్టి తరిమింది. ముంగిస తోక జానెడు దూరంలో ఉండగా సమయం అయిపోయి ఈల మోగింది. ఓడిపోయారు.

సూరమ్మ మట్టిలో కూలబడి ఏడ్చింది. ఏడాదిగా కూర్చుని కూర్చుని వచ్చిన నీరసం కాదిది, పరిగెత్తితే వచ్చిన అలసట. కోటమ్మ రొప్పుతూ వచ్చి, ఆ వీపుకే ఆనుకుని కూర్చుంది. తర్వాత కోతి వచ్చింది. చివరికి నక్క కూడా, తన అరచేతిని ఒకసారి చూసుకుని, వచ్చి ఆనుకుంది.

సూరమ్మ కదలలేదు. ముళ్ళూ కదలలేదు. అందరూ అలాగే చాలాసేపు ఆయాసం తీర్చుకున్నారు. మరుసటి సాయంత్రం సాధనకు అందరికంటే ముందు వచ్చింది సూరమ్మే.

నీతి: మనల్ని కాపాడే ముళ్ళు మనకు ఉండవచ్చు, కానీ మనవాళ్ళు తట్టడానికి వచ్చినప్పుడు వాటిని అణుచుకోవడం నేర్చుకున్నవారికే ఆటలో చోటు దొరుకుతుంది.