సాకు అనే మాట

నిఘంటువు రాస్తున్న అనంతయ్య ఒక మాట దగ్గర మూడు రోజులు ఆగిపోయాడు. చివరికి కాగితాలు పట్టుకుని గురువు చిదంబర శాస్త్రులవారి దగ్గరికి వెళ్ళాడు.

"అయ్యవారూ, సాకడమంటే పెంచడం. సాకు అంటే లేని కారణం చెప్పడం. బిడ్డను పెంచడానికీ, అబద్ధానికీ ఒకే మాట ఏమిటండీ? రెండింటికీ మూలం ఒకటేనా?"

శాస్త్రులవారికి ప్రశ్న వినగానే జవాబు చెప్పే అలవాటు లేదు. "మూలం నాకూ తెలియదు. ఇంట్లోకి కుండ కావాలి, రా" అని శిష్యుణ్ణి వెంటబెట్టుకుని పెన్న ఒడ్డున కుమ్మరి ఓబులమ్మ ఇంటికి బయలుదేరారు.

ఓబులమ్మ ఒంటరి మనిషి. రెండేళ్ళ కిందటి వరదలో తల్లీతండ్రీ కొట్టుకుపోగా, ఒడ్డున ఏడుస్తూ దొరికిన పసిదాన్ని ఎత్తుకొచ్చింది. వరద తీసేదాకా ఉంచుకుంటానంది. తరువాత, జ్వరం తగ్గేదాకా అంది. పిల్ల తనను అమ్మా అని పిలిచిన రోజు నుంచి ఏ గడువూ చెప్పడం మానేసింది.

వాళ్ళు వెళ్ళేసరికి వాకిట్లో ఒంటెద్దు బండి ఆగి ఉంది. పిల్ల పెద్దనాన్న తిప్పయ్య ఊరూరా వెతికి, ఆచూకీ తెలిసి, తమ్ముడి బిడ్డను తీసుకుపోవడానికి వచ్చాడు. చేతిలో కొత్త పరికిణీ ఉంది.

ఓబులమ్మ ఎదురు చెప్పలేదు. "ఎండ దిగనీ అన్నా" అంది. ఎండ దిగింది. "రెండు ముద్దలు తిననీ" అంది. పిల్ల తినేసింది. జడ వేస్తానని కూర్చుంది. వేసిన జడ విప్పి మళ్ళీ వేసింది. అది చూసి అనంతయ్య మొహం తిప్పుకున్నాడు.

తిప్పయ్య పిల్లను ఎత్తుకున్నాడు. అది అతని మీసం పట్టుకుని, "అమ్మ ఎక్కడ కూచుంటాది బండిలో?" అని అడిగింది.

అతను మీసంలోంచి ఆ చిన్న చేతిని విడిపించాడు. పిల్లను మెల్లగా కిందికి దించాడు.

"ఎద్దు కుంటుతోందమ్మా" అన్నాడు ఓబులమ్మతో. "ఈ పూట బిడ్డనెక్కించుకుని అంతదూరం పోలేను. కోతలైనాక వస్తాలే. ఈ పరికిణీ కూడా వదులుగా ఉన్నట్టుంది. పెరిగినాక వేద్దువు."

ఓబులమ్మ పరికిణీని గుండెలకు హత్తుకుని గడపలోనే కూలబడింది.

బండి కదిలింది. ఎద్దు ఇసుకలో చకచకా అడుగులు వేసుకుంటూ పోయింది. అనంతయ్య దాన్ని మలుపు తిరిగేదాకా చూశాడు.

"అయ్యవారూ, ఎద్దు బాగానే నడుస్తోంది కదండీ!"

"నడుస్తోంది నాయనా" అన్నారు శాస్త్రులవారు. "నేటి నుంచి ఆ బిడ్డను అతనూ సాకుతున్నాడు."